ఒక పాత్రకు ముగ్గురు నటులు, ఒక మొహానికి రెండు గొంతులు

పేరున్న నటుల్ని ఒక్కొక్కరిగా కుదుర్చుకుని ఆడించే పాత కాంట్రాక్టు నాటకాల కరపత్రాల్లో ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా. నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు వచ్చే పడకసీను ఒకరిది, రాయబారం ఇంకొకరిది. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేదాకా సాగే ఆటలో మధ్యలో కృష్ణుడి మొహం మారిపోయినా జనానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. వాళ్లు మొహం చూడ్డానికి రాలేదు, పద్యం వినడానికి వచ్చారు. నచ్చితే వన్స్‌మోర్ అని అరిచేవారు, కృష్ణుడు రాయబారం ఆపి అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు.

సినిమా ఈ ఏర్పాటును తిరగేసింది. తెర మీద పాత్రకు మొహం ఒక్కటే, గొంతులు మాత్రం రెండు. మాట నటుడిది, పద్యం ఘంటసాలదో మాధవపెద్ది సత్యానిదో. తెలుగు రంగస్థలాన్ని ఏలిన నటుల్లో కొందరు సినిమాల్లో ఎందుకు నిలిచారు, వాళ్ల కంటే పెద్ద పేరున్న కొందరు ఒకటి రెండు సినిమాలతో ఎందుకు ఆగిపోయారు అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మామూలుగా చెప్పే జవాబు వేరు. స్టేజీ నటన అతి, సినిమాకు సహజంగా చేయాలి, అందుకే నాటకాలవాళ్లు తేలిపోయారు అంటారు. వినడానికి బాగుంటుంది కానీ బళ్లారి రాఘవ దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకున్న రాఘవ స్టేజీ మీద రాగాలు తీయడాన్నే తప్పుబట్టిన మనిషి. పాత్ర మనసులో ఉన్నది మొహంలో కనబడాలని, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని ఆ రోజుల్లోనే వాదించాడు. అతి కాదు సహజత్వమే సినిమాకు కావాలంటే, అందరికంటే ముందు ఆయనే నెగ్గాలి.

జరిగింది వేరు. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. జనం రెండోదాన్నే ఆదరించారు. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. సెట్లో ఎవరు నటిస్తే వాళ్లే పాడాలి, కెమెరా తిరుగుతుండగానే గొంతు రికార్డవుతుంది. నాటకంలో విన్న పద్యాన్ని తెర మీదా వినాలనుకున్న ప్రేక్షకుడికి యడవల్లి దుర్యోధనుడు కావాలి. సహజ నటన కోసం ఆ ఏడాది ఎవరూ టిక్కెట్టు కొనలేదు. పైగా రాఘవకు అప్పటికే 55 దాటాయి. ఆ తర్వాత ‘రైతుబిడ్డ’ (1939), ‘చండిక’ (1940) చేశారు. మొదటిదాన్ని గూడవల్లి రామబ్రహ్మం తీశారు, జమీందార్లకు కంటగింపై నిషేధానికి గురైంది. 1946లో రాఘవ కన్నుమూసేనాటికి ఆయన సినిమా జీవితం మూడు చిత్రాల దగ్గరే ఉంది. సినిమా కోరుకునే నటన ఆయన దగ్గర ఉంది, ఆ నటన కోరుకునే సినిమా ఇంకా రాలేదు.

సి.ఎస్.ఆర్. కథ చాలామందికి సగమే తెలుసు. ‘మాయాబజార్’ శకునిగా, కుడిచేత్తో మీసం దువ్వుతూ ఎడమచేత్తో కొంప ముంచే రకం పెద్దమనిషిగా ఆయన గుర్తున్నారు. అంతకుముందు ఆయన స్టేజీ మీద జనం ఎగబడి చూసిన కృష్ణుడు, రామదాసు. 1930లలో సినిమా హీరో కూడా. 1940లు దాటేసరికి హీరో పాడితే వేరే గొంతు వినపడే రోజులొచ్చాయి. పాడగల హీరోకు ఉన్న ప్రత్యేకత పోయింది. చాలామంది అక్కడితో ఇంటికెళ్లిపోయారు. సి.ఎస్.ఆర్. మాత్రం పాటను పక్కనబెట్టి మాటను పట్టుకున్నారు. పద్యంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరం మీద బరువు వేయాలో తెలిసిన మనిషి ఆ విద్యనంతా మామూలు వచనంలోకి దించితే ఎలా ఉంటుందో ఆయన శకునిలో వినొచ్చు. ఒక్క మాట కూడా గట్టిగా అనడు. 1963లో పోయేదాకా పని దొరుకుతూనే ఉంది.

ప్లేబ్యాక్ ఎలా మొదలైందో చూస్తే కొంచెం చిత్రంగా ఉంటుంది. తెలుగులో మొదటి ప్లేబ్యాక్ పాట 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’లో రావు బాలసరస్వతీదేవి పాడిందని చెప్తారు. ఆ సినిమా నిర్మాత చిత్తూరు నాగయ్య. తన పాట తానే పాడి ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’లలో జనాన్ని ఏడిపించిన నాగయ్య చేతి మీదుగానే, పాడలేని నటుడికి కూడా దారి తెరుచుకుంది. నాగయ్యకు నాటకాల అనుభవం చిత్తూరులోనే ఉంది, గాత్రం అక్కడే సానబట్టారు. అయితే ఆయనది స్టేజీ గొంతు కాదు. చివరి వరసలో కూర్చున్నవాడికి వినిపించాలన్న తొందర ఆ గొంతులో ఉండదు. దేవుడి గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పాడుకుంటున్నట్టు ఉంటుంది. మైకు దగ్గరగా ఉందన్న సంగతిని మొదట అర్థం చేసుకున్న తెలుగు నటుడు బహుశా ఆయనే. 1965లో పద్మశ్రీ వచ్చింది. 1964లో స్వయంగా తీసిన ‘రామదాసు’ ఆర్థికంగా కుంగదీసింది. ఇంటికి ఎవరొచ్చినా భోజనం పెట్టి పంపిన మనిషి, చివరికి చిన్నచిన్న వేషాలు వేసుకుంటూ 1973 డిసెంబరులో ఇబ్బందుల్లోనే పోయారు. మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం తర్వాత వచ్చింది.

ఆగిపోయినవాళ్లలో స్థానం నరసింహారావు కథను విడిగా చూడాలి. బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి రామవిలాస సభలో ఎదిగిన స్థానం జీవితమంతా ఆడవేషాలే వేశారు. సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి. ఆయన చీరకట్టు చూసి ఊళ్లో ఆడవాళ్లు అలా కట్టుకోవడం నేర్చుకున్నారనేదాకా కథలున్నాయి, అందులో ఎంత నిజమో గానీ. 1942లో ‘సత్యభామ’ సినిమాలో ఆయన నటించారు. తెర మీద ఆ ప్రయాణం ముందుకు సాగలేదు. తప్పు నటనలో వెతకనక్కర్లేదు. ఎదురుగా ఉన్నది మగవాడని ప్రేక్షకుడికి తెలుసు, తెలిసీ కాసేపట్లో మర్చిపోతాడు, మర్చిపోయినందుకు తనే ఆశ్చర్యపోతాడు. స్థానం విద్యకు విలువంతా ఆ ఆశ్చర్యంలో ఉంది. సినిమాలో అప్పటికే పదేళ్లుగా కమలాబాయి, కన్నాంబ, కాంచనమాల లాంటి ఆడవాళ్లు నటిస్తున్నారు. అక్కడ మగవాడు ఎంత బాగా ఆడమనిషి అయినా ఆ పక్క షాటులో నిజంగా ఆడమనిషే ఉంటుంది.

ఆయన చేసిన సత్యభామ మాత్రం సినిమాలోకి వచ్చింది, వేరే ఒంటితో. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం కోసం స్థానం తానే రాసుకున్న ‘మీరజాలగలడా’ పాటను 1966 సినిమాలో సుశీల పాడితే జమున అభినయించింది. జడ విసరడం, కంటి చివర నుంచి చూడడం, కోపాన్ని దాచుకోకపోవడం గురించి ఎవరు మాట్లాడినా ఈ రోజు జమున పేరే చెప్తారు. ఆమె పెరిగింది తెనాలి పక్కన దుగ్గిరాలలో. ఆ చుట్టుపక్కల గాలిలోనే స్థానం సత్యభామ ఉందని చెప్తే పెద్ద అతిశయోక్తి కాదు. స్థానానికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. 1971లో కన్నుమూశారు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి సురభి గురించి ఒక్క మాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఈ కుటుంబ నాటక సమాజంలో ఆడపాత్రలు ఇంటి ఆడవాళ్లే వేసేవారు. అందుకే 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు కథానాయిక కోసం వెతుకులాట పెద్దగా అవసరం లేకపోయింది. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా స్టేజీ నటుడు మునిపల్లె సుబ్బయ్య బొంబాయికి వెళ్లి నటించి వచ్చారు. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. మొదటి తెలుగు తెర నటులు ఎలా నటించారో చూసి చెప్పగలిగే అవకాశం ఎవరికీ లేదు.

పసుపులేటి కన్నాంబ దారి ఇంకో రకం. ఏలూరు నాటకాల్లో తయారై, 1935లో ‘హరిశ్చంద్ర’లో అద్దంకి శ్రీరామమూర్తి పక్కన చంద్రమతిగా వచ్చింది. ఆమె స్టేజీ గొంతును సినిమా కోసం తగ్గించుకోలేదు. దానికి సరిపోయే పాత్రల్నే వెతుక్కుంది. 1942లో తమిళ ‘కణ్ణగి’, 1947లో ‘పల్నాటి యుద్ధం’ నాగమ్మ, 1954లో ‘మనోహర’ రాజమాత. మాతృభాష కాని తమిళంలో ఆమె చెప్పిన డైలాగుల్ని తమిళులు ఇప్పటికీ తలుచుకుంటారు. సినిమాకు స్టేజీ వాచికం, అంటే మాట పలికే తీరు, పనికిరాదన్న మాటకు కన్నాంబ మంచి అడ్డు. నిండు సభలో నిలబడి నిలదీసే సీను ఉన్నంతకాలం ఆ గొంతుకు చోటుంది.

మిగిలిన మార్పు ఎలా జరిగిందో చూడ్డానికి ఒకే సినిమా చాలు, 1957 ‘మాయాబజార్’. ఆ తారాగణం చూస్తే అప్పటి తెలుగు రంగస్థలం నాలుగు మూలల నుంచీ మనుషులు కనిపిస్తారు. పద్యనాటకం నుంచి శకుని సి.ఎస్.ఆర్., దుర్యోధనుడి వేషంతో తెనాలి వైపు పేరు తెచ్చుకుని ఇందులో బలరాముడైన గుమ్మడి. కమ్యూనిస్టు ఉద్యమంతో కలిసి నడిచిన ప్రజానాట్యమండలి నుంచి కర్ణుడు మిక్కిలినేని, శర్మ పాత్రలో అల్లు రామలింగయ్య. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నుంచి ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు, లక్ష్మణకుమారుడు రేలంగి. అసలు దుర్యోధనుడు ముక్కామల న్యాయవాది, నాటకాల మనిషి. సాత్యకి వేసిన నాగభూషణం ‘రక్తకన్నీరు’ నాటకం పట్టుకుని ఊరూరా తిరిగి, సినిమాల్లో తీరిక లేనంత పని ఉన్న రోజుల్లో కూడా స్టేజీని వదల్లేదు.

వీళ్లలో రంగారావు గురించి ఎక్కువసేపు ఆగాలి. 1918లో నూజివీడులో పుట్టారు. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. 1940లలో ‘వరూధిని’లో హీరోగా వేస్తే సినిమా పోయింది, మళ్లీ ఉద్యోగానికి జంషెడ్‌పూర్ వెళ్లిపోయారు. 1950లో ‘షావుకారు’లో సున్నపు రంగడు, 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడు. అక్కడి నుంచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు నాటకాలు చదివి, ఆడిన నటుడు కావడం వల్లనేమో ఆయన డైలాగులో పద్యనాటకం లయ లేదు. పదాల్ని గబగబా దొర్లించి ఒక్కసారిగా ఆపుతారు, ఆ ఆపడంలోనే భయమంతా ఉంటుంది. ఇక ఘటోత్కచుడి పద్యాలు, ‘వివాహ భోజనంబు’ ఆయన పాడలేదు. అవి మాధవపెద్ది సత్యం గొంతు, ఆ సత్యం కూడా నాటకాల నుంచి వచ్చిన మనిషే. అంటే తెర మీద కనిపించే ఒక్క ఘటోత్కచుడి వెనక స్టేజీ నుంచి వచ్చిన ఇద్దరున్నారు. నాటకంలో ఒకరి తర్వాత ఒకరు వచ్చిన ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఇక్కడ ఒకేసారి, ఒకే మనిషిగా వస్తున్నారన్నమాట. పద్యం పాడలేని నటుడు పౌరాణికాన్ని ఏలగలిగాడంటే ఈ ఏర్పాటు వల్లే. ఇదే లేకపోతే ‘నర్తనశాల’ (1963) కీచకుడూ లేడు, జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతీ లేదు. 1974లో ఆయన పోయినప్పుడు వయసు 56.

పద్యం రూపం కూడా మారింది. నాటకంలో పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప. ఘంటసాల ఆ సాగతీతను కోసేసి, మాట అర్థమయ్యేలా, నిమిషం లోపు ముగిసేలా పాడారు. ‘శ్రీకృష్ణావతారం’ (1967) లాంటి సినిమాల్లో తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు ఆయన గొంతులో విన్నాక కొత్త తరానికి అదే అసలు బాణీ అయింది. పీసపాటి నరసింహమూర్తి లాంటి వాళ్లు ఈ గాలికి లొంగలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఆంధ్రదేశమంతా కృష్ణ వేషానికి మారుపేరైన పీసపాటి 2007లో పోయేవరకు స్టేజీ మనిషే. బలిజేపల్లి రాసిన హరిశ్చంద్ర నాటకంలో డి.వి. సుబ్బారావు కాటిసీను ఆడుతుంటే, మధ్యలో జాషువా శ్మశాన పద్యాలు కలుపుకుని గంటలకొద్దీ సాగేది. దాన్ని ఏ సినిమా దర్శకుడు భరిస్తాడు? వీళ్లను సినిమాకు పనికిరాని వాళ్లుగా లెక్కగట్టడం అన్యాయం. వాళ్ల కళకు కావలసిన సమయం సినిమా దగ్గర లేదు. బందా కనకలింగేశ్వరరావు అయితే ఇంకా ముందుకెళ్లారు. 1936 నాటి తెర కృష్ణుడు సినిమాల వెంట పడకుండా, ఏలూరు వకీలుగా ఉంటూనే కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టారు. 1968లో పోయిన ఆయన్ను ఇప్పుడు నాట్యం తెలిసినవాళ్లే ఎక్కువగా తలుచుకుంటారు.

ప్రజానాట్యమండలి వాళ్లకు ఈ గొడవ లేదు. వాళ్ల దగ్గర వదులుకోవాల్సిన రాగం లేదు. ‘మాభూమి’ లాంటి నాటకాలు పొలంలో పనిచేసి వచ్చిన జనం ముందు, వాళ్ల మాటల్లోనే ఆడారు. నిర్బంధం పెరిగి సంస్థ చెదిరిపోయాక చాలామంది మద్రాసు రైలెక్కారు. డాక్టరు గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసి చేతులు కాల్చుకున్నారు గానీ, ఆ ఒక్క సినిమాతో జమున, అల్లు రామలింగయ్య ఇద్దరూ తెరకు వచ్చారు. అల్లు 2004 వరకు, జమున 2023 వరకు ఉన్నారు. రాజారావు 1963లోనే పోయారు, ఇవాళ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మిక్కిలినేని మాత్రం ఒక పని చేసి పెట్టారు. వందలాది సినిమాల్లో రాజులూ సేనాధిపతులూ వేస్తూనే, తనకు ముందటి రంగస్థల నటుల జీవితాలు సేకరించి ‘నటరత్నాలు’ రాశారు. పాత నటుల గురించి ఈ రోజు ఎవరు ఏం రాసినా ఎక్కడో ఒకచోట ఆ పుస్తకానికి బాకీ ఉంటారు.

1970ల తర్వాత వచ్చింది మరో స్టేజీ, పరిషత్తు నాటకం, అంటే పోటీల్లో ఆడే నాటకం. పౌరాణికం కాదు, సాంఘికం. పోటీలో తక్కువ సమయంలో న్యాయనిర్ణేతల్ని ఒప్పించాలి. బ్యాంకు, బడి, సర్కారు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు సాయంత్రాలు రిహార్సల్సు చేసుకుని ఆడేవారు. విచిత్రంగా ఇక్కడ గొంతు మళ్లీ ముందుకొచ్చింది, పద్యంగా కాదు, యాసగా. కాకినాడ నాటకాల నుంచి వచ్చిన రావు గోపాలరావు 1975లో బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’లో కాంట్రాక్టరుగా గోదావరి మాటను నింపాదిగా నములుతూ చెప్తే, ఆ డైలాగులు రికార్డులుగా వచ్చి పెళ్లి పందిళ్ల మైకుల్లో పాటలతో సమానంగా మోగాయి. పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాళ్ల పిల్లలు ముల్లు వెనక్కి పెట్టి డైలాగు మళ్లీ విన్నారు.

కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. 1978 నాటి ‘ప్రాణం ఖరీదు’ మొదట నాటకం, అందులో వేసినందుకే సినిమాలోకీ వచ్చారు. 1985 ‘ప్రతిఘటన’లో తెలంగాణ మాటతో మంత్రిగా, 1987 ‘అహ నా పెళ్లంట’లో పిసినారిగా. ఈ రెంటికీ మధ్య రెండేళ్లే తేడా అంటే నమ్మబుద్ధి కాదు. పరిషత్తుల్లో ఈ వారం ఒక వేషం, వచ్చే వారం ఇంకొకటి వేసిన అలవాటు అది. అయితే ఈ యాస విజయానికి ఒక చెడు పక్క కూడా ఉంది. కృష్ణా జిల్లా నటుడు తెలంగాణ మాట అంత బాగా పలకడం నటుడి గొప్ప. కానీ ఆ మాట చాలా ఏళ్లు విలనుకో నవ్వించేవాడికో తప్ప హీరోకు దక్కకపోవడం సినిమా చేసిన తప్పు. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ల నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు జయప్రకాశ్ రెడ్డి పలికింది సొంత ఊరి మాటే, దాన్నీ ‘సమరసింహారెడ్డి’ తర్వాత సినిమాలు కత్తులకూ సుమోలకూ కట్టేశాయి. ఆ ఇరుకు నుంచి బయటపడ్డానికే అన్నట్టు ఆయన ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకం ఆడుతూ వచ్చారు. గంటన్నరకు పైగా స్టేజీ మీద ఆయన ఒక్కరే. 2020 సెప్టెంబరులో గుంటూరులో పోయారు. కోట 2025 జూలైలో, 83వ పుట్టినరోజు అయిన మూడు రోజులకు.

నూతన్ ప్రసాద్‌కు జరిగింది ఈ వరసలో ఎవరికీ జరగలేదు. కైకలూరులో పుట్టి, నాటకాల మీదుగా ‘అందాల రాముడు’ (1973)తో వచ్చి, ‘ముత్యాల ముగ్గు’తో నిలదొక్కుకుని, విలనీలో వెటకారం కలిపే తనదైన పద్ధతి తెచ్చుకున్నారు. 1989లో ‘బామ్మ మాట బంగారు బాట’ షూటింగులో ప్రమాదం జరిగి నడుము కింద భాగం చచ్చుబడింది. కుర్చీలో కూర్చునే కొన్ని వేషాలు వేశారు. తర్వాత చాలాకాలం ఈటీవీ ‘నేరాలు ఘోరాలు’ కార్యక్రమానికి గొంతు ఇచ్చారు. తెర మీద మనిషి లేడు, మాట మాత్రమే. పేరు వేయకపోయినా మొదటి వాక్యానికే ఎవరో తెలిసిపోయేది, వంటింట్లో ఉన్నవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. 2011 మార్చిలో ఆయన పోయారు.